క్షమాపణలకు జవాబు రాసిన శెట్టప్ప

మొన్న మా మనవరాలు ఫోను తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. పాత టీవీ స్టేషన్ల గుర్తులన్నిటినీ ఎవరో పనిలేనివాడు ఏరుకొచ్చి ఒక వరసలో అతికించాడట. ఏ ఊరి స్టేషనుకు ఏ గుర్తు ఉండేది, అది ఎటు తిరిగేది, వెనక ఏ సంగీతం వచ్చేది, అంతా ఉంది. ఇంగ్లండులో ఒక్కో ప్రాంతానికి ఒక్కో స్టేషను, ఒక్కో గుర్తు ఉండేవట. అవి పోయాయని బెంగ పెట్టుకుని కూర్చున్న ముసలాళ్ళు ఇప్పటికీ ఉన్నారట. "తాతా, మీ కాలంలోనూ ఇట్లాంటి పిచ్చోళ్ళు ఉండినారా?" అంది. నవ్వాను. నవ్వుతుండగానే హోసూరు శెట్టప్ప గుర్తొచ్చాడు. ఇంక నవ్వు రాలేదు.

ఆయన పేరు చెప్పను. ఊళ్ళో ఎవరూ పేరుతో పిలవలేదు కాబట్టి చెప్పినా మీకు ఒరిగేదేమీ లేదు. అరవ రాష్ట్రంలో, కన్నడ సరిహద్దు పక్కనే, మా తెలుగువాళ్ళుండే హోసూరు బజారులో తాళ్ళు, చాపలు, చాటలు అమ్మేవాడు. అందరికీ శెట్టప్ప. పొట్టి మనిషి. మెడ చుట్టూ ఎప్పుడూ ఒక తువ్వాలు. నోరు తెరిచే ముందు ఆ తువ్వాలు రెండు కొసలూ సమానంగా వేలాడుతున్నాయా లేదా అని చూసుకునేవాడు. లేకపోతే సరిచేసుకునేవాడు. అవతలివాడు ఎంత తొందరలో ఉన్నా అంతసేపూ నిలబడాల్సిందే.

నేను ఆ రోజుల్లో కృష్ణగిరిలో సినిమా హాళ్ళకు స్లైడ్లు రాసేవాణ్ణి. అరచేతి వెడల్పు గాజు పలకకు నల్లరంగు పూసి, ఆరాక సూదితో అక్షరాలు గీకేవాణ్ణి. దాన్ని మిషను దీపం ముందు పెడితే తెర మీద నిలువెత్తు తెల్లటి అక్షరాలు పడేవి. పళ్ళపొడి, చీరల అంగడి, పొగ తాగరాదు, అన్నీ నావే. అరవం, తెలుగు, కన్నడం మూడూ రాసేవాణ్ణి. మూడింటిలోనూ నా అక్షరాలను మెచ్చుకున్న నరుడు అప్పటిదాకా ఒక్కడూ లేడు.

డెబ్బైలు అయిపోవస్తున్న రోజులవి. ఒక మధ్యాహ్నం ఆటలో బొమ్మ ఇట్లా మొదలైందో లేదో ఒక మనిషి హాల్లోంచి లేచి బయటికొచ్చాడు. ఆపరేటరు గది మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్న నా ముందు నిలబడి, తువ్వాలు సవరించుకున్నాడు.

"ముందు సీట్ల మీద కాళ్ళు పెట్టరాదు అని రాసింది నువ్వేనా అప్పా?"

తగాదాకొచ్చాడనుకున్నాను. ఆ స్లైడు గురించి అంతకుముందే ఇద్దరు తగాదాకొచ్చి ఉన్నారు.

"నేనే. ఏమైంది?"

"ఏమీ కాలేదు. బాగా రాసినావు. చదవంగానే కాళ్ళు దించబుద్ధి అయింది. దించినాను."

"బొమ్మ చూడకుండా వచ్చేసినారే?"

"బొమ్మ ఎవడన్నా చూస్తాడు. నేను బోర్డులు చూసేదానికి వచ్చినాను. అయిపోయినాయి గదా, హోసూరు బస్సుకి పోతాను."

టిక్కెట్టు కొని, స్లైడ్లు మాత్రం చూసి వెళ్ళిపోయే మనిషిని నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఆ సంతోషం పట్టలేక ఇంటికెళ్ళి మా ఆవిడతో చెబితే, "నీ రాతని మెచ్చుకున్నాడంటే ఆ మనిషిలో ఏదో తేడా ఉండాది" అంది. ఆ మాట ఎంత నిజమో తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు.

ఆ పరిచయంతో ఆయన అంగడికి ఒక బోర్డు రాసే పని నాకు వచ్చింది. పెద్ద బోర్డు కాదు. అది వాళ్ళ నాయన పెట్టించింది, దాన్ని ముట్టుకోనివ్వలేదు. తలుపుకు తగిలించే చిన్న అట్ట. మధ్యాహ్నం భోజనానికి లోపలికి వెళ్ళేటప్పుడు తగిలిస్తాడు. ఏ అంగడివాడైనా భోజన విరామం అని రాయించుకుని ఊరుకుంటాడు. ఈయన దగ్గర నిలబడి ఒక్కో మాటా చెప్పి రాయించాడు: "అన్నానికి పోయినాను. మీరు వచ్చి నిలబడినారు. తప్పయింది."

అంతటితో ఆగితే బాగానే ఉండేది. తిరిగొచ్చి తలుపు తీశాక, ఎదురుచూస్తున్న ప్రతి మనిషీ "పరవాలేదప్పా" అనాలి. అనేదాకా సరుకు తీయడు. ఎందుకు శెట్టప్పా ఈ చాదస్తం అని ఒకసారి అడిగాను.

"తప్పయింది అని ఒకడు చెప్పినాక విన్నోడు బదులు చెప్పల్ల గదా. చెప్పకపోతే వాడు అట్లనే నిలబడి ఉంటాడు. మనిషిని అట్ల నిలబెట్టి పోరాదు."

ఆయన ధర్మశాస్త్రం మొత్తం ఇంతే. బజారు జనానికి ఇది బాగా అలవాటైపోయింది. తలుపు తీసే చప్పుడు వినగానే వీధి అవతల నుంచే "పరవాలేదప్పా, రెండు చాటలు!" అని కేకేసేవాళ్ళు. చాట పేరే పరవాలేదు అనుకున్న కొత్త కోడలు కూడా ఒకామె ఉండేదని చెప్పుకుని నవ్వేవాళ్ళు.

కెలవరపల్లి రైతు ఒకడు మాత్రం ఆ మాట అనలేదు. "పరవాలేదని యెట్ల అంటాను శెట్టప్పా? నువ్వు అన్నం తింటా ఉంటే నా ఎద్దు పాతతాడు తెంపుకొని యాడికో పోయింది" అన్నాడు. శెట్టప్ప వెంటనే అంగడికి తాళం వేశాడు. కొత్తతాడు భుజాన వేసుకుని ఎద్దును వెతకడానికి బయల్దేరాడు. రెండు రోజులు తిరిగాడు. చివరికి అది మత్తిగిరి పశువుల ఫారంలో, సర్కారు ఎద్దుల వరసలో నిలబడి సర్కారు గడ్డి తింటూ కనపడింది. తాడు వేస్తే లాక్కుంది, బతిమాలితే మొహం తిప్పుకుంది. రైతు వచ్చి దాని ఒళ్ళంతా తడిమి చూసి, "రెండు దినాల్లో నాకంటే బాగా మేపినారు. పరవాలేదప్పా" అన్నాడు. శెట్టప్ప మొహం వెలిగిపోయింది. ఆ ఎద్దు కెలవరపల్లికి ఎప్పుడు చేరిందో ఆయన మళ్ళీ ఎవరినీ అడగలేదు.

ఇట్లాంటి మనిషి ఇంటికి టీవీ వచ్చింది.

ఎనభైల్లో బెంగుళూరు స్టేషను మొదలయ్యాక హోసూరు మేడల మీద ఏంటెనాలు లేచాయి. శెట్టప్ప కొన్న టీవీ పక్కలకు జరిగే చెక్క తలుపులున్న పెట్టె. ఆ తలుపులు చూసే కొన్నాడని నా అనుమానం, అచ్చం అంగడి తలుపుల్లాగే ఉండేవి. సాయంత్రం కార్యక్రమాలు మొదలు కాకముందే కాళ్ళు కడుక్కుని దాని ముందు చాప మీద కూర్చునేవాడు. మొదట నిలువు చారలు, కుయ్యిమని ఒక కూత. "అంగడి ఊడుస్తా ఉండారు" అనేవాడు. తర్వాత చీకటి తెర మీదికి స్టేషను గుర్తు తిరుగుతూ తిరుగుతూ వచ్చి మధ్యలో నిలబడేది. వెనక మాటల్లేని సంగీతం. ఆ గుర్తును లోపల ఎవరో ఒక మనిషి చేత్తో తిప్పుతున్నాడని ఆయన నమ్మకం.

"ఈరోజు నిదానంగా తిప్పినాడు చూడు. ఒంట్లో బాగలేదేమో" అనేవాడు. కొన్నాళ్ళకు తిప్పే మనిషి మారాడని కూడా కనిపెట్టాడు. కొత్తవాడి చెయ్యి కొంచెం దురుసట.

గుర్తు నిలబడి సంగీతం ఆగగానే లేచేవాడు. "సరే, తెరిచినారు. సరుకు మీరు చూసుకోండి" అని భార్యతో చెప్పి, ముందున్న అంగడిలోకి వెళ్ళిపోయేవాడు. వార్తలు, పాటలు, ఆదివారం సినిమా, ఏదీ ఆయనకు అక్కర్లేదు. వీధి వీధంతా వచ్చి ఆయన ఇంట్లో కూర్చుని సినిమా చూస్తుంటే ఆయన బయట కూర్చుని తాళ్ళు చుట్టుకునేవాడు.

ఒకరోజు ఆ గుర్తు సగం తిరిగి నిలిచిపోయింది. తెర నల్లబడింది. ఆ నలుపు మీద తెల్లటి కన్నడ అక్షరాలు వచ్చాయి: "అడచణెగాగి క్షమిసి." అంతరాయానికి క్షమించండి అని. ఆ రోజుల్లో అది ఎన్నిసార్లు వచ్చేదో లెక్కలేదు, చూసినవాళ్ళు తిట్టుకుని నీళ్ళు తాగడానికి లేచేవాళ్ళు. శెట్టప్ప మాత్రం మోకాళ్ళ మీద లేచి కూర్చున్నాడట.

"చూసినావా! బోర్డు పెట్టినారు! తప్పయింది అంటా ఉండారు!" అని భార్యను పిలిచాడట.

మర్నాడు పొద్దున్నే బెంగుళూరు స్టేషనుకు ఒక పోస్టుకార్డు రాశాడు, తెలుగులో. "నిన్న సాయంత్రం మీది నడుమలో నిలిచిపోయింది. మీరు క్షమించమని అడిగినారు. పరవాలేదు. గుర్తు తిప్పే ఆయన్ని కూడా ఏమీ అనవద్దు. ఇట్లు, హోసూరు తాళ్ళ అంగడి." అది మొదలు. అంతరాయం వచ్చిన ప్రతిసారీ కార్డు వెళ్ళేది. ఆయన అంగడిలో ఉన్నప్పుడు బోర్డు వస్తే పిలవమని భార్యను కాపలా పెట్టాడు.

ఆ ఇల్లాలు సన్నగా, గట్టిగా ఉండే మనిషి. నోరు ఇంకా గట్టిది. నేను వెళ్ళినప్పుడల్లా నాతో మొరపెట్టుకునేది. "ఆ పెట్టెలోవాళ్ళకి నీ ఉత్తరం యాడ కనబడతాదయ్యా అంటే వినడు. పెండ్లయిన కాణ్నించి ఉప్పెక్కువ తెచ్చినా తప్పయిందే, తక్కువ తెచ్చినా తప్పయిందే. పరవాలేదు పరవాలేదు అని నా నోరు నొచ్చిపోయింది. ఇప్పుడు బెంగుళూరోళ్ళ కతా నేనే చూడల్లనా?"

ఇంతవరకూ ఇది నవ్వుకోవలసిన కథే. ఆ ఏడాది వానలు తగ్గాక ఒక మధ్యాహ్నం శెట్టప్ప కృష్ణగిరిలో మా ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. తువ్వాలు రెండుసార్లు సవరించుకున్నాడు.

"బెంగుళూరోళ్ళు కన్నడంలో చెప్తారు" అన్నాడు చివరికి. "గాలి బాగుండే దినం మద్రాసు అగపడతాది, వాళ్ళు అరవంలో చెప్తారు. ఢిల్లీవాళ్ళది హిందీ మాస్టరుతో చదివించినాను, అదీ తప్పయిందనే. మనకు ఎవురు చెప్పినారప్పా?"

"మనకంటే?"

"మనకే. నాకు, నీకు, మా బజారోళ్ళకు. నడుమలో నిలిచిపోతే మనకూ నిలిచిపోయింది గదా. మనం ఊరికే కూర్చుని పక్కింటోళ్ళకు చెప్పిన తప్పయిందికి పరవాలేదు అంటా ఉండాము. ఒక్కసారి, ఒకే ఒక్కసారి మన అక్షరాల్లో ఆ బోర్డు చూడల్ల. చూసి, నాకు చెప్పినదానికి నేను బదులు చెప్పల్ల. అంతే నాకు కావల్సింది."

నేనేదో అనబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. స్టేషనువాళ్ళ తప్పేమీ లేదట, వాళ్ళ దగ్గర తెలుగు రాసే చెయ్యి లేదట, అంతేనట. తాడు లేనివాడికి తాడు ఇచ్చినట్టు మనమే బోర్డు రాసి ఇచ్చేస్తే సరిపోతుందట. అందుకని నా దగ్గరికొచ్చాడు.

ఏం రాయాలన్న దగ్గర మా ఇద్దరికీ పెద్ద వాదన జరిగింది. అంతరాయానికి చింతిస్తున్నాము అని రాద్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "చింత పడతా ఉంటే పడనీ. తప్పు వానిదని యాడ చెప్పినాడు?" అన్నాడు. మధ్యాహ్నం పోయి సాయంత్రమైంది. మా ఆవిడ రెండుసార్లు కాఫీ ఇచ్చి, మూడోసారి లోపల తలుపు వేసుకుంది. చివరికి గాజు మీద గీకింది ఇది: "నడుమ నిలిచిపోయింది. తప్పు మాదే."

నా జన్మలో అంత శ్రద్ధగా ఇంకేదీ రాయలేదు.

ఆ గాజును కొబ్బరిపీచులో చుట్టి, బుట్టలో పెట్టి, బుట్టను ఒడిలో పెట్టుకుని శెట్టప్ప బెంగుళూరు బస్సెక్కాడు. పక్కన నేను. లోపలేముందని కండక్టరు అడిగాడు.

"బెంగుళూరోళ్ళ క్షమాపణ" అన్నాడు శెట్టప్ప.

కండక్టరు నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. ఆయన రెండు టిక్కెట్లు చించి ఇచ్చాడు.

స్టేషను గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరిని చూడాలన్నాడు. "క్షమాపణలు చూసుకునే ఆయన్ని" అని శెట్టప్ప చక్కటి కన్నడంలో చెప్పాడు. వాచ్‌మన్ చాలాసేపు ఆలోచించాడు. అంత పెద్ద ఆఫీసులో అట్లాంటి పనికి ఒకరు ఉండకపోరని అతనికీ అనిపించి ఉండాలి, ఎవరికో ఫోను చేశాడు. ఒక కుర్ర ఆఫీసరు వాచ్‌మన్ గదిలోకి వచ్చాడు. మర్యాదస్తుడు. గాజును వెలుగుకెత్తి చూశాడు. మేము అట్ట మీద రాసి కెమెరా ముందు పెడతాం, గాజు వాడం అన్నాడు. పైగా ఇది కన్నడ స్టేషను కదా అన్నాడు.

"అట్టకు తేమ తగిలితే వంకరపోతాది, గాజు పెట్టుకోండి" అన్నాడు శెట్టప్ప. "దినమూ వద్దు. ఒక్కసారి చాలు. నా ఉత్తరాలు వచ్చినాయా?"

ఆఫీసరు మొహంలో అప్పుడు ఏదో వెలిగింది. ఆ తెలుగు కార్డులా, ఎవరికీ చదవడం రాక వ్యవసాయ కార్యక్రమానికి వచ్చే రైతుల ప్రశ్నల కట్టలో పెట్టాం, భద్రంగా ఉన్నాయి అన్నాడు. శెట్టప్పకు అది చాలు. గాజు సంగతి ఏం చేస్తారంటే ఆఫీసరు "నోడోణ" అన్నాడు. చూద్దాం అని. చూద్దాం అని వెళ్ళిన గిరాకీ తిరిగి రాదని శెట్టప్పకు తెలియనిది కాదు, ఆ మాట ఆయన అంగడిలో రోజూ వినేదే. కానీ ఆరోజు ఆ చూద్దాం ఆయన చెవికి సరే అన్నట్టు వినపడింది.

గేటు దాటి నాలుగడుగులు వేశాక గొడుగు మర్చిపోయానని నాకు గుర్తొచ్చింది. వెనక్కి పోయాను. ఆఫీసరు లేడు. గాజు వాచ్‌మన్ బల్ల మీదే ఉంది. దాని మీద టీ గ్లాసు ఉంది. తప్పు మాదే అన్న అక్షరాల మీదుగా గుండ్రంగా టీ మరక. వాచ్‌మన్ నన్ను చూసి మర్యాదగా నవ్వాడు. నేనూ నవ్వాను. గాజు తీసుకోవచ్చు, ఇదేంటయ్యా అని అడగొచ్చు. గొడుగు మాత్రం తీసుకుని వచ్చేశాను.

"లోపలికి తీసుకొని పోయినారా?" అన్నాడు శెట్టప్ప.

"తీసుకొని పోయినారు" అన్నాను.

ఎందుకు చెప్పానంటే, ఆయన మొహం అట్లా ఉంది. పెళ్ళిచూపుల నుంచి తిరిగొచ్చే పెళ్ళికొడుకులా ఉన్నాడు. ఒక్క రోజు సంతోషపడనీ, తర్వాత తనే మర్చిపోతాడులే అనుకున్నాను. శెట్టప్ప గురించి అంత తెలిసీ అట్లా అనుకున్నానంటే నన్నేమనాలి.

మర్చిపోలేదు. గుర్తు చూసి లేచిపోయే మనిషి ఆ రోజు నుంచి కార్యక్రమాలు ముగిసేదాకా కదలడం మానేశాడు. అంతరాయం ఏ నిమిషంలో వస్తుందో ఎవరికి తెలుసు. ఆదివారం సినిమాకు వచ్చిన వీధి జనం ఆయన్ని చూసి హడలెత్తిపోయేవాళ్ళు. కథ మంచి పట్టులో ఉండగా తెర నల్లబడితే అందరూ ఉసూరుమనేవాళ్ళు, ఆయన ఒక్కడు చాప మీద ముందుకు జరిగి చేతులు రుద్దుకునేవాడు. కన్నడ అక్షరాలు వచ్చేవి. "ఈసారి కాదు" అని వెనక్కి జరిగేవాడు. "మంచిది గదా, దాచి పెట్టినట్టుండారు. పండగకి తీస్తారేమో" అనేవాడు. పండగలు పోయాయి. ఎదురింటి ఆయన వేరే టీవీ కొనుక్కున్నాడు. వీధి జనమంతా అక్కడికి మారిపోయారు.

అంగడి తలుపుకు నేను రాసిన చిన్న అట్ట సాయంత్రాలు కూడా వేలాడటం మొదలైంది. అన్నానికి పోయిన మనిషి ఎంతకీ తిరిగి రాకపోతే పరవాలేదని ఎవరు మాత్రం ఎన్నాళ్ళంటారు. జనం తాళ్ళు వేరేచోట కొనుక్కోసాగారు.

రెండేళ్ళ తర్వాత ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. ఎప్పుడూ అంత నోరున్న మనిషి గొంతు తగ్గించి మాట్లాడింది.

"నువ్వన్నా చెప్పప్పా, ఆ గాజు రాదని. నీ మాట వింటాడు. చిక్కి సగమైపోయినాడు. అన్నం కూడా ఆ పెట్టె ముందరే. కూడు నోట్లో పెట్టుకునేదానికి తల వంచితే ఆ బోర్డు పోతాదేమోనని నన్ను చూడమంటాడు."

చెబుతానమ్మా అన్నాను. ఏం చెప్పను? రాదని నీకెట్ల తెలుసు అంటే? ఆ ఒక్క ప్రశ్నకు భయపడి నేను ఒక ఘనమైన ఉపాయం పన్నాను. పిరికివాళ్ళ ఉపాయాలన్నీ ఘనంగానే ఉంటాయి. ఆ గాజు లాంటిదే ఇంకొకటి గీకాను. మా హాల్లో తెలుగు సినిమా ఆడుతున్న వారంలో శెట్టప్పను మధ్యాహ్నం ఆటకు రమ్మన్నాను. ఆపరేటరును బతిమాలి, నా సైగ చూసి బొమ్మ ఆపి స్లైడు వేయమన్నాను. ఎక్కడైతేనేం, ఆయన తన అక్షరాల్లో ఆ మాట చూస్తాడు, బదులు చెప్పుకుంటాడు, పీడ వదులుతుంది అనుకున్నాను.

బొమ్మ ఆగింది. తెర నల్లబడింది. నిలువెత్తు తెల్లటి తెలుగు అక్షరాలు: "నడుమ నిలిచిపోయింది. తప్పు మాదే."

హాలంతా ఈలలు, కేకలు. ఆపరేటరు వంశాన్ని మూడు భాషల్లో తిట్టారు. తప్పు మీదైతే డబ్బులు వెనక్కివ్వండని ఎవరో అరిచారు. శెట్టప్ప మెల్లగా లేచి నిలబడ్డాడు. తువ్వాలు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు.

తెరిచిన నోరు మూశాడు. అక్షరాలను ఇంకోసారి మొదటి నుంచి చదివాడు. కూర్చుని నా వైపు తిరిగాడు.

"ఇది నీ చేతి రాత గదా. నువ్వేం తప్పు చేసినావప్పా?"

బొమ్మ మళ్ళీ మొదలైంది. మేం బయటికొచ్చాం. బస్టాండు దాకా నడుస్తూ మొత్తం చెప్పాను. గొడుగు, బల్ల, టీ గ్లాసు, మరక. తీసుకొని పోయినారు అని నేను ఆడిన అబద్ధం. తప్పయింది శెట్టప్పా అన్నాను. అన్నాక ఆయన ధర్మం ప్రకారం నాకు ఒక మాట రావాలి కదా, దానికోసం చూశాను.

"టీ వేడిగా ఉండెనా?" అన్నాడు.

"తెలీదు శెట్టప్పా."

"వేడిగా ఉండుంటే రంగు లేచిపోయి ఉంటాది."

హోసూరు బస్సు వచ్చింది. ఆయన ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆగాడు. రెండేళ్ళు పోయినాయి అనలేదు. అంగడి పోయింది అనలేదు. "ఇంకొకటి రాయి. వచ్చే నెల ఇద్దరం మళ్ళా పోదాం. ఈసారి ఆ ఆఫీసరు చేతిలోనే పెట్టి వద్దాం" అన్నాడు.

"మరి నాకు..." అన్నాను.

"ఇప్పుడు చెప్పను. చెప్తే నువ్వు రాయవు. పోయొచ్చినాక చెప్తాను."

బస్సు కదిలింది. నాకు కోపమొచ్చింది, నిజం చెబుతున్నాను. ఊరందరి చేతా అనిపించిన మాట, ఎక్కడో ఉన్న టీవీవాళ్ళకు అడక్కుండా పంపిన మాట, నాకు మాత్రం అప్పివ్వలేకపోయాడని కోపం. అయినా గాజు రాశాను. దాన్ని పీచులో చుట్టేలోపే కబురొచ్చింది. మధ్యాహ్నం భోజనం చేసి చాప మీద ఒరిగిన మనిషి లేవలేదట.

నేను వెంటనే పోలేదు. పోయే మొహం లేక, కర్మలన్నీ అయ్యాక ఒక సాయంత్రం వెళ్ళాను. గాజును ఎందుకు వెంట తీసుకెళ్ళానో నాకే తెలీదు. అంగడి మూసి ఉంది. ఇంట్లో ఆయన భార్య టీవీ ముందు చాప మీద కూర్చుని చింతకాయలు కొట్టి గింజలు తీస్తోంది. టీవీ తలుపులు తెరిచి ఉన్నాయి. చారలు వస్తున్నాయి.

"ఈ వేళకు తెరవల్ల గదా" అంది నన్ను చూసి, నేనేదో అడిగినట్టు.

కూర్చున్నాను. ధైర్యం తెచ్చుకుని, "ఆయనకి నేను అబద్ధం చెప్పినానమ్మా" అన్నాను.

"చెప్పినాడు."

"ఏమన్నాడమ్మా?"

"రంగు లేచిపోతే మళ్ళా పూస్తాడులే అన్నాడు."

"ఇంకేమీ అనలేదా?"

"ఇంకేమంటాడు" అని ఆమె సుత్తి అందుకుంది.

చారలు పోయాయి. గుర్తు తిరుగుతూ వచ్చింది, సంగీతం వచ్చింది, ఆగింది. ఎవరో ఒక అమ్మాయి చేతులు జోడించి కన్నడంలో నమస్కారం చెప్పబోయింది. అంతలో తెర నల్లబడింది. కన్నడ అక్షరాలు వచ్చి నిలబడ్డాయి. చింతకాయలు కొట్టే సుత్తి ఆగింది.

ఆమె తల ఎత్తి ఒకసారి తెర చూసింది. మళ్ళీ తల వంచుకుని పని చేసుకుంటూ, "పరవాలేదప్పా" అంది.

నాతో అన్నది కాదు. నాకు తెలుసు. అయినా తీసుకున్నాను.